జైనాబీ తలాపున రాయి

దావూద్‌ను నేను మొదటిసారి చూసినప్పుడు అతను ఒక రాయికి స్నానం చేయిస్తున్నాడు. ముందు ప్లాస్టిక్ టబ్బు, చేతిలో మెత్తని బ్రష్షు, మోకాళ్ళ మధ్య రాయి. పసిపిల్లకు చెవుల వెనక మట్టి తీసినంత శ్రద్ధగా రుద్దుతున్నాడు.

"సబ్బు పెట్టవా?" అని అడిగాను.

అతను తల ఎత్తలేదు. "సబ్బు పడదు సార్ దీనికి. ఒళ్ళంతా దద్దుర్లొస్తాయి" అన్నాడు.

అంతే, మా స్నేహం కుదిరిపోయింది. పరాయి దేశంలో తెలుగువాడు దొరికినందుకు కాదు. తెలుగువాళ్ళు ఇక్కడ ఆస్పత్రికి పదిమంది చొప్పున దొరుకుతారు. ముఖం మీద నవ్వు కనబడనీయకుండా కోతలు కోయగలిగే మనిషి దొరకడం కష్టం.

నా మనవరాలు భవిత రియాద్‌లో ఒక పరిశోధన సంస్థలో పనిచేస్తుంది. రాళ్ళ చదువు చదివింది. వారానికోసారి అల్ ఖర్జ్ అనే ఊరికి వెళ్ళేది. అక్కడ ఊరి చివర, పాల డెయిరీలకు వెళ్ళే రోడ్డు పక్కన, వాళ్ళ సంస్థకు ఒక పాత రేకుల గోదాము ఉంది. ఎడారిలో బోర్లు వేసినప్పుడు తీసిన మట్టి కడ్డీలు, గుహల్లోంచి తెచ్చిన రాళ్ళు చెక్కపెట్టెల్లో పెట్టి అందులో దాచారు. గోదాము మూసేసి అన్నిటినీ రియాద్‌లోని కొత్త భవనానికి మార్చమని పైనుంచి ఆజ్ఞ వచ్చింది. ఏ పెట్టెలో ఏముందో చూసుకోవడం భవిత పని. ఫ్లాట్‌లో ఒక్కణ్ణీ కూర్చుంటే నా అబద్ధాలు వినేవాళ్ళుండరు కాబట్టి నేనూ కారెక్కేవాణ్ణి.

ఆ గోదాముకు కాపలా, రాళ్ళకు ఆయా, వచ్చినవాళ్ళకు పాలు లేని సులేమానీ టీ కాచి పోసేవాడు, అన్నీ దావూదే. అరవైకి దగ్గరపడ్డ మనిషి. పొట్టి, బక్కపలచన. మోచేతుల దాకా మడిచిన చొక్కా. సొంత ఊరు రాయచోటి. దూదేకులవాళ్ళు. ఇంట్లో తెలుగే తప్ప ఉర్దూ రాదు. అందుకు తోటి పాకిస్తానీ డ్రైవర్లు, "నువ్వు ముసల్మానువేనా?" అని ఇప్పటికీ ఆటపట్టిస్తారట. "నమాజు అరబ్బీలో చేస్తా, దువా తెలుగులో చేస్తా. పైనాయనకు తెలుగు రాదనుకుంటాండారా మీరు?" అని ఇతను ఎదురు అడుగుతాడట.

తండ్రి పీరయ్య పరుపులు కుట్టేవాడు. దూది ఏకే విల్లు భుజాన వేసుకుని వీధుల్లో తిరుగుతూ, నారి మీద వేలితో ఒక్క దెబ్బ కొడితే ఆ మోతకు ఆడవాళ్ళు పాత దిండ్లు పట్టుకుని బయటికి వచ్చేవారట. దావూద్ కూడా పెళ్ళయ్యే దాకా అదే పని చేశాడు. తర్వాత ఊళ్ళోకి స్పాంజి పరుపులు వచ్చాయి. విల్లు అటకెక్కింది, దావూద్ విమానమెక్కాడు.

అతనికి నేను చెప్పిన మొదటి కథ నేను చదువుకున్న కాన్వెంటుది. గుంటూరులో ఒక ఏడాది ఎండ ఎంత మండిందంటే, మా మదర్ సుపీరియర్ గారు మధ్యాహ్నం తారురోడ్డు దాటుతుంటే ఆవిడ నీడ రోడ్డుకు అతుక్కుపోయింది. ఆవిడ చూసుకోకుండా వెళ్ళిపోయారు. సాయంత్రం ప్రేయరులో నీడ లేకుండా నిలబడితే పిల్లలు జడుసుకున్నారు. చివరికి ప్యూన్ వెళ్ళి అట్లకాడతో గీకి తెచ్చాడు.

దావూద్ టీ ఊదుకుంటూ అంతా విన్నాడు. "తెచ్చేటప్పుడు మడత పెట్టినాడా, చుట్టినాడా సార్?"

"చుట్టాడు."

"అదే తప్పు. చుట్టకూడదు. పరుపు మాదిరే, ఉండలు కడ్తాది. ఆయమ్మ బతికినన్నాళ్ళూ నీడ ఎగుడుదిగుడుగా పడింటాది సూడండి."

పెట్టెలు లెక్క చూసుకుంటున్న భవిత నవ్వాపుకోలేక పెన్ను కింద పడేసింది.

ఆ రోజే నేను ఇంకోటి కూడా చెప్పాను. లండన్ నగరం మధ్యన ఉన్న నది గడ్డకట్టుకుపోతే జనం దాని మీద సంత పెట్టుకున్నారని, దుకాణాలు వేసి మాంసం కాల్చుకుని తిన్నారని చిన్నప్పుడు మా సిస్టర్ అగ్నెస్ చెప్పేవారు. దావూద్ తల అడ్డంగా ఊపాడు. "ఇది మాత్రం ఒప్పుకోను సార్. నీడన్నా నమ్ముతా గానీ."

"అదొక్కటే నిజం బాబాయ్" అంది భవిత. "తాతయ్య జీవితంలో పొరపాటున చెప్పిన నిజం."

ఆమె మా పక్కనే పెట్టె మీద కూర్చుని చెప్పింది. "వెయ్యేళ్ళ కిందట యూరప్ వైపు కొన్ని వందల ఏళ్ళు కాస్త వెచ్చగా ఉంది. గ్రీన్‌లాండ్ అని మంచుదేశం, అక్కడికి కూడా జనం పోయి పశువుల్ని మేపుకుని బతికారు. ఆ తర్వాత ఐదారు వందల ఏళ్ళ కిందట చలి రోజులు మొదలయ్యాయి. ఆ చలిలోనే తాతయ్య చెప్పిన నది గడ్డకట్టింది. వాటికి ముందు, ఇంకా చాలా ముందు, ఇదిగో ఈ ఇసుకంతా పచ్చగా ఉన్న రోజులున్నాయి. చెరువులు, గడ్డి. ఉత్తరాన ఎడారిలో నీటిగుర్రాల ఎముకలు దొరికాయి."

"ఎవురు చేసినారమ్మా అట్ల?"

"ఎవరూ చేయలేదు. సూర్యుడు, సముద్రం, భూమి తిరిగే తీరు, ఒక్కోసారి అగ్నిపర్వతాలు. దానంతట అదే వచ్చింది, అదే పోయింది."

"మరి ఇప్పుడు మండిపోయేది?"

"అది మనం చేసుకున్నది బాబాయ్. పాతవి ఎలా వచ్చాయో, ఎలా పోయాయో సరిగ్గా తెలిస్తేనే ఇప్పటిది ఎంత వేరో చెప్పగలం. అందుకే ఈ రాళ్ళు."

దావూద్ టబ్బులోని రాయి వైపు చూశాడు. అది గుహ రాయి. గుహ పైకప్పు నుంచి నీటిచుక్క పడుతుంది. అందులో కరిగిన సున్నం రవ్వంత కింద మిగులుతుంది. చుక్క మీద చుక్క పడి నేల మీద మొలకలా లేస్తుంది రాయి. వానలున్న కాలంలో పెరుగుతుంది. ఎండిన కాలంలో ఆగిపోతుంది. మళ్ళీ వానలొస్తే ఆగినచోటే మొదలవుతుంది. నిలువునా కోసి, కోసిన ముఖం మీద నీళ్ళు పోస్తే ఆ కాలాలన్నీ చారలై పైకి తేలతాయి. ఇదంతా దావూద్‌కు కొత్త కాదని నాకు ఆ రోజు తెలియదు. అతను లేచి, టీ గ్లాసులు కడగడానికి వెళ్ళాడు.

తర్వాతి వారం భవిత ఒక పెట్టె తెరిచి అలాగే నిలబడిపోయింది. లోపల స్పాంజిలో రాయి ఆకారంలో గుంట ఉంది. రాయి లేదు.

అది చాలా ఏళ్ళ కిందట ఒక పాత బృందం తెచ్చిన రాయి. రెండు ముక్కలుగా కోసి, ఒక సగం పరీక్షలకు విదేశం పంపారు. అక్కడ పొడి చేసి పాత పొరల వయసు కట్టారు. ఆ సగం అలా అయిపోయింది. చిట్టచివరి కొన దగ్గర గోరంత మందాన ఒక పొర ఉందని, అది ఈ రెండు వేల ఏళ్ళ లోపుది కావచ్చని రాసి వదిలేశారు. ఆ రోజుల్లో ఎవరికీ దాని మీద ఆసక్తి లేదు. ఇప్పుడు భవితకు కావలసింది ఆ గోరంత పొరే. అక్కడ నది గడ్డకట్టిన శతాబ్దాల్లో ఇక్కడ వాన పడిందా, లేదా? ఎర్రసముద్రం అడుగు మట్టి చూసినవాళ్ళు, పడిందనే అంటున్నారట. ఎడారి నడిమధ్య నుంచి సాక్ష్యం చెప్పగలిగిన రాయి ఆమె ఎరిగినంతలో ఇదొక్కటే.

తిరిగి వచ్చేటప్పుడు దారిపొడవునా ఆమె దాని గురించే మాట్లాడింది. "పాతవాళ్ళు ఎక్కడో పడేసి ఉంటారు తాతయ్యా. ఒక్క రాయి!" ఆ రోజు మమ్మల్ని సాగనంపడానికి దావూద్ గేటు దాకా రాలేదని నేను గమనించాను గానీ పట్టించుకోలేదు.

మరుసటి వారం మేము వెళ్ళేసరికి అతను గోదాము బయట నీడలో కూర్చుని ఉన్నాడు. భవిత లోపలికి వెళ్ళింది. నేను కొత్త కథ ఒకటి మొదలుపెట్టబోయాను.

"సార్, ఈరోజు మీరు చెప్పొద్దు. నేను చెప్తా" అన్నాడు. "భవితమ్మ ఎతికే రాయి నా కాడ ఉండాది. నా కాడ అంటే, జైనాబీ కాడ."

జైనాబీ అతని భార్య. అప్పటి వరకూ ఆమె రాయచోటిలో ఉందనే అనుకున్నాను.

దావూద్ ఇక్కడికి వచ్చిన కొన్నాళ్ళకు ఆమె కూడా వచ్చింది, ఇదే అల్ ఖర్జ్‌లో ఒక అరబ్బు ఇంట్లో వంటకు. కొడుకు జబీని దావూద్ తల్లి దగ్గర వదిలి వచ్చింది. మొగుడూ పెళ్ళాలు ఒకే ఊళ్ళో ఉంటారు, అదృష్టం అన్నారు రాయచోటిలో అందరూ. "ఒకే ఊరే సార్. ఆమె ఒక గోడ లోపల, నేనొక గోడ లోపల" అన్నాడు దావూద్. శుక్రవారం నమాజు అయ్యాక ఆ ఇంటి యజమానురాలు ఆమెను గేటు బయటికి వదిలేది. మంచి మనిషేనట ఆవిడ, ఎప్పుడూ అడ్డు చెప్పలేదు. అతను గోదాము పికప్ బండిని గోడ నీడన ఆపుకుని ఉండేవాడు. జైనాబీ బండిలో ఎక్కి కూర్చునేది. కారం లేని అరబ్బు బువ్వ డబ్బాలో తెచ్చేది, దాంట్లోకి రాయచోటి నుంచి వచ్చిన ఊరగాయ. తినేవాళ్ళు. ఫోన్లో జబీతో మాట్లాడేవాళ్ళు. సాయంకాలపు అసర్ నమాజు పిలుపు వినబడగానే ఆమె దిగిపోయేది.

ఒక శుక్రవారం బండిలో ఆ రాయి ఉంది. రియాద్‌లో కోయించి వెనక్కి తెస్తున్నాడు.

"ఇదేంది, రాయిని ముందు సీట్లో కూసోబెట్టినావు? నన్నెప్పుడన్నా ఇంత భద్రంగా తెచ్చినావా?" అంది జైనాబీ.

అతను దిగి, తాగే నీళ్ళు సీసాలోంచి దాని మీద పోశాడు. తేనెరంగు, తెలుపు, మళ్ళీ తేనెరంగు. మధ్యమధ్య సన్నని నల్లగీతలు. ఆమె వేలు పెట్టి ఒక్కో గీతా తడిమింది.

"ఈ నల్లగీతలేంది?"

"వానల్లేక ఆగిపోయిన కాలమంట. ఒక్కో గీత వేలేండ్లంట."

ఆమె కాసేపు చూసి నవ్విందట. "మన కాపురం మాదిరే ఉండాది. లీవు మీద ఊరికి పోయినప్పుడు తెల్లగీత. మిగతాదంతా నల్లగీతే." మళ్ళీ తనే అంది, "అయినా ఇడ్సిపెట్టి పోలేదు చూడు. ఆగిన కాన్నే మళ్ళా మొదలుపెట్టింది."

ఆ ఎండాకాలమే ఆమె వంటింట్లో పడిపోయింది. గుండె. ఆస్పత్రికి తీసుకుపోయేలోపే అయిపోయింది. ఆ ఇంటి పెద్దాయన తనే నిలబడి అన్నీ చేయించాడు. అసర్ నమాజు తర్వాత ఊరి బయట ఖబరస్తాన్‌లో పూడ్చారు. రాయచోటిలో జబీకి అప్పుడు ఎనిమిదేళ్ళు. ఫోన్లో వాళ్ళ నాయనమ్మ ఏడుపు వినబడుతుంటే, "అమ్మను ఇవ్వు నాయనా" అని అడిగాడట.

ఇక్కడ సమాధుల మీద పేర్లు రాయరు. కట్టడాలు కట్టరు. మట్టి కుప్ప, తలాపున ఒక రాయి. ఎవరిదైనా అంతే. అక్కడ దొరికిన రాయినే పెట్టారు జైనాబీకి కూడా. దావూద్ ఆ రాత్రికి గోదాముకు వచ్చాడు. పాత బృందం పని ముగించుకుని వెళ్ళిపోయింది. వాళ్ళ పెట్టెలు ఇక ఎవరికీ అక్కర్లేనట్టు గోడవారన పేర్చి ఉన్నాయి. మరునాడు ఆ రాయి తీసుకెళ్ళి ఆమె తలాపున పెట్టాడు.

"జోడీలో ఒకటి యాడో దేశంలో ఉండాది గదా, ఇది మిగులు అనుకున్యా సార్. రెండు దిండ్లలో ఒకటి తీసుకున్నట్ల. పొడి చేసినారని నాకు తెల్దు."

కోసిన ముఖం కిందికి పెట్టాడట. చారలు పైకి కనబడితే ఎవరైనా రాత అనుకుని తీసేస్తారని. సగం మట్టిలో పూడ్చి, పైన ఎత్తు మాత్రం కనబడేలా. అప్పటి నుంచి ప్రతి శుక్రవారం వెళ్ళి కూర్చుంటాడు. పికప్‌లో కూర్చున్నట్టే, అసర్ పిలుపు దాకా.

"ఇప్పుడు నన్ను వీసా ఎగ్జిట్ కొట్టి ఊరికి పంపిస్తాండారు గదా. గోదాము లేకపోతే నాకు పనేముంది? జబీ వచ్చే ఏడు ఉమ్రాకు మక్కా వస్తానంటాడు, పెండ్లాన్ని తీసుకుని. 'నాయనా, నువ్వుండంగానే వద్దామనుకుంటి, అమ్మ కాడికి నువ్వే తీసకపోదువు' అని ఏడుస్తాండాడు. నేను లేకపోయినా ఆ రాయి ఉంటాది, ఎట్లనో ఒకట్ల గుర్తు చెప్పి పంపిద్దాం అనుకుంటి. ఇప్పుడు రాయి భవితమ్మకు కావల్ల."

"భవితకు చెప్పు" అన్నాను. 

అతనే లోపలికి వెళ్ళి చెప్పాడు.  తర్వాత భవిత గొంతు వినబడింది. "వద్దు బాబాయ్. అక్కడే ఉండనివ్వండి. దొరకలేదని చెబుతాను. నాకు రాయి వద్దు."

"అట్లనొద్దమ్మా. నువ్వు దాని కోసరం ఎంత ఎతికినావో చూసినా గదా. నీ కాడ అది మాట్లాడ్తాది. మా కాడ గమ్మున పండుకోనుండాది, అంతే. ఇంకో రాయి పెట్టుకుందాం. గుర్తుంటే చాలు."

చివరికి అలా ఒప్పందం కుదిరింది. గోదాములో పనికిరానివాటిలోంచి దావూద్ ఒక గులాబీరంగు రాయి ఎంచుకున్నాడు. దాన్ని అక్కడ పెట్టి, దీన్ని తెచ్చుకోవాలి. ఒక్క షరతు మాత్రం పెట్టాడు. నేను అతనితో వెళ్ళి చోటు చూసుకోవాలి. ఆడవాళ్ళు ఖబరస్తాన్ లోపలికి పోకూడదు కాబట్టి భవితకు కుదరదు. జబీ వచ్చినప్పుడు నేను ఇక్కడే ఉంటే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించాలి.

"నా మాట నమ్ముతావా? ఊళ్ళో ఎవరూ నమ్మరు" అన్నాను.

"మీరు చెప్పేటివన్నీ అబద్ధాలే గానీ సార్, ఎన్నిసార్లు చెప్పినా ఒకే మాదిరి చెప్తారు. గుర్తు గట్టిది మీది."

శుక్రవారం పొద్దున వెళ్ళాం. భవిత కారు గేటు బయట ఆపింది. గులాబీరంగు రాయి కారులోనే ఉంది. ముందు పాతది తీశాక వచ్చి పట్టుకుపోదామన్నాడు దావూద్. నీళ్ళ సీసా ఒకటి చేతిలో పట్టుకున్నాడు.

నేను చాలా సమాధులు చూశాను. మా గుంటూరు సమాధుల తోటలో పాలరాతి దేవదూతల బొమ్మలు రెక్కలు విప్పి నిలబడి ఉంటాయి, ఒక్కోదాని కింద ఇంత పొడుగున వాక్యాలు. ఇక్కడ ఏమీ లేదు. గోడ నుంచి గోడ దాకా మట్టి, మోకాలెత్తైనా లేని కుప్పలు, రాళ్ళు. దూరాన డెయిరీ పొలాల గడ్డివాసన గాలిలో వస్తోంది. గుర్తు పెట్టుకోవడానికి ఒక చెట్టు కోసం చూశాను. లేదు.

దావూద్ మాత్రం నేల వైపు చూడకుండా నడిచాడు, చీకట్లో ఇంట్లో మంచినీళ్ళకు నడిచినట్టు. ఒకచోట ఆగి చెప్పులు విడిచాడు. బయటి ద్వారానికి ఎదురుగా, గోడకు కాస్త ఇవతల. తలాపున గుండ్రంగా, దుమ్ము పట్టిన ఎత్తు. నేను దిక్కులు, గోడలో పగులు, దీపస్తంభం అన్నీ మనసులో పెట్టుకున్నాను.

"జైనా, పెద్దాయన వచ్చినాడు. చెప్పినా గదా, అబద్ధాల సారని" అన్నాడు, పక్కగదిలో ఉన్న మనిషితో అన్నంత మామూలుగా. చాలాసేపు దువా చేశాడు. తర్వాత వేళ్ళతో రాయి చుట్టూ మట్టి తీయడం మొదలుపెట్టాడు. నేను వంగబోతే వద్దన్నాడు. రాయిని రెండు చేతులా కదిపి, పైకి లేపి, తిప్పాడు.

కిందివైపు కూడా గరుకుగానే ఉంది. ఎక్కడా కోసిన గుర్తు లేదు.

అతను అరచేత్తో తుడిచాడు. నీళ్ళు పోశాడు. మళ్ళీ పోశాడు. రాయి తడిసింది, అంతే.

"ఎప్పుడూ ఎత్తి చూడలేదా?" అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"పండుకున్నోళ్ళ తలకింద దిండు ఎవురన్నా ఎత్తి చూస్తారా సార్" అన్నాడు.

మమ్మల్ని చూసి అక్కడ పనిచేసే బెంగాలీ మనిషి వచ్చాడు. గడ్డం నెరిసినవాడు, చేతిలో పార. వచ్చీరాని హిందీలో సంగతి అడిగి, విని, పార నేలకు గుచ్చి నిలబడ్డాడు. కొన్నేళ్ళ కిందట పెద్ద వాన పడిందట. మేఘం చిల్లిపడ్డట్టు ఒక్కరోజే. ఖబరస్తాన్ అంతా నీళ్ళు నిలిచాయి. కుప్పలు కరిగిపోయాయి. రాళ్ళన్నీ దొర్లి పల్లపు మూలకు చేరాయి. నీళ్ళు తగ్గాక వీళ్ళు మట్టి ఎత్తి, సమాధి ఉందనుకున్న చోటల్లా కుప్ప పోసి, చేతికి అందిన రాయి పెట్టుకుంటూ వచ్చారు. ఏది ఎవరిదో అల్లాకు తెలుసు.

తల్లి చనిపోయిందని దావూద్ ఊరికి పోయిన నెల అది. తిరిగి వచ్చేసరికి అంతా ఆరిపోయి ఉంది. ద్వారానికి ఎదురుగా, గోడకు కాస్త ఇవతల, గుండ్రని ఎత్తు. వచ్చి కూర్చున్నాడు.

పెట్టగా మిగిలిన రాళ్ళు మూలన పోశామని బెంగాలీ చెయ్యి చూపించాడు. దావూద్ అటు నడిచాడు. ఒక్కో రాయీ ఎత్తడం, తిప్పి చూడటం, పక్కన పెట్టడం. విసరలేదు ఒక్కటి కూడా. నేను కూడా కొన్ని తిప్పాను గానీ నా నడుం సహకరించలేదు. అడుగున, గోడకు ఆనుకుని, దొరికింది. నీళ్ళ సీసాలో మిగిలినవి పోశాడు. తేనెరంగు తేలింది, తెలుపు తేలింది, నల్లగీతలు తేలాయి.

అతను ఏడుస్తాడనుకున్నాను. ఏడవలేదు. వేలితో గీతల మీద ఒకసారి పై నుంచి కిందికి రాశాడు. చొక్కా అంచుతో తుడిచి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు భుజానికి ఆనించుకుని గేటు దాకా మోసుకెళ్ళాడు. భవిత కారు దిగి ఎదురొచ్చింది. మా ఇద్దరి ముఖాలూ చూసి ఏదో జరిగిందని అర్థం చేసుకుంది.

"దొరికిందమ్మా నీ రాయి. కొన చూసుకో, ఏం పోలేదు" అన్నాడు. జరిగింది నేను చెప్పాను. ఆమె రాయి అందుకుని, ఒడిలో పెట్టుకుని అక్కడే గేటు మెట్టు మీద కూర్చుండిపోయింది. "బాబాయ్" అంది.

"నువ్వేం చేసినావమ్మా? నువ్వు అడగకపోతే ఇది ఇంకా ఆ మూలనే పడుండును." కారులోంచి గులాబీరంగు రాయి తీశాడు. "దీన్ని కుప్పలో పెడతా. ఎవురికన్నా పనికొస్తాది."

మళ్ళీ లోపలికి నడిచాం. రాయి కుప్ప మీద పెట్టి, చేతులు దులుపుకుని, అటూ ఇటూ చూశాడు. అన్ని కుప్పలూ ఒకేలా ఉన్నాయి. వాటిలో ఏదో ఒకదాని కింద ఆమె ఉంది, లేదా రెండు కుప్పల మధ్య ఖాళీలో ఉంది.

"జబీకి ఏం చెబుతావు?"

 "ఈ గోడ లోపల ఉందని చెప్తా. అబద్ధం కాదు గదా సార్?"

"కాదు" అన్నాను.

ఇక కారు దగ్గరికి వెళతామనుకున్నాను. అతను వెనక్కి తిరిగి మొదటి చోటికి వెళ్ళాడు. తవ్వి తీసిన రాయి పక్కకు ఒరిగి ఉంది, సగం తడి ఆరిపోయి. దాన్ని తీసి, గుంట చదును చేసి, మునుపు ఎలా ఉందో అలాగే పెట్టాడు. చుట్టూ మట్టి కప్పి, కదలకుండా అరచేతులతో అదిమాడు. చెప్పులు విడిచి కూర్చున్నాడు.

"ఎవురో ఏమో సార్. ఆడమనిషో మొగమనిషో కూడా తెల్దు. ఇన్నేండ్లు నా ఇంటి సంగతులన్నీ ఇన్నారు. జబీ పెండ్లి సంగతి మొట్టమొదట ఈడనే చెప్పినా. పోయేటప్పుడు చెప్పకుండా పోతే బాగుండదు."

అతను ఆ కుప్ప వైపు వంగి, తెలుగులోనే, మెల్లగా మొదలుపెట్టాడు. వాళ్ళ మాటలు నా చెవిన పడకూడదని నేను గోడ దాకా వెళ్ళి నిలబడ్డాను.